చిన్న పరిశ్రమ వాటా: లెక్కకు ఎక్కేదెంత? జారిపోయేదెంత?

ముంబయి-అహ్మదాబాదు జాతీయ రహదారి తాపీ నదిని దాటే చోటికి చేరువలో కామ్‌రేజ్ కూడలి ఉంది. అక్కడి నుంచి సూరత్ నగరం వైపు సాగే దారి పొడవునా మరమగ్గాల షెడ్లు కనిపిస్తాయి. దేశంలో తయారయ్యే కృత్రిమ నూలు వస్త్రాలలో పెద్ద వాటా సూరత్‌దీ, దాని చుట్టూ ఉన్న కామ్‌రేజ్ వంటి తాలూకాలదే. ఈ మగ్గాలకు తెలుగువారితో సంబంధం కొత్తది కాదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చిన నేత కుటుంబాలు తరాలుగా ఇక్కడ స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు నడపవలసి వచ్చిందంటే ఆ వలస ఎంతటిదో ఊహించుకోవచ్చు.

ఆ బంధం 2017లో మరో రూపంలో వార్తలకెక్కింది. బతుకమ్మ పండుగకు పేద మహిళలందరికీ చీరలు పంచాలని తెలంగాణ ప్రభుత్వం ఆ ఏడాది నిర్ణయించింది. కోటికి పైగా చీరలు, సుమారు 222 కోట్ల రూపాయల ఖర్చు. సిరిసిల్ల మరమగ్గాల కార్మికులకు ఏడాది పొడవునా పని కల్పించడం పథకం లక్ష్యాలలో ఒకటిగా ప్రకటించారు. కాని గడువు చాలలేదు. చీరలలో సుమారు సగం మాత్రమే సిరిసిల్లలో తయారయ్యాయి. మిగిలిన సగాన్ని టెండర్ల ద్వారా సూరత్ నుంచి కొన్నారు. సెప్టెంబరులో పంపిణీ మొదలవగానే నాణ్యత బాగాలేదంటూ పలుచోట్ల మహిళలు చీరలను రోడ్లమీద తగులబెట్టారు. సిరిసిల్ల చీరలు ఏవి, సూరత్ చీరలు ఏవి అన్న వాదులాట కొన్ని రోజులు సాగింది.

ఆ రగడలో ఒక ప్రశ్న మరుగున పడిపోయింది. ప్రభుత్వం ఖర్చు చేసిన 222 కోట్లలో చిన్న పరిశ్రమకు చేరింది ఎంత? సిరిసిల్ల సగాన్ని మాత్రమే లెక్కించాలా? సూరత్ సరఫరాదారుల వెనుక ఉన్న మగ్గాలు కూడా చిన్నవే కదా, వాటినీ కలపాలా? టెండరు దక్కించుకున్న వ్యాపారిని లెక్కించాలా, అతనికి గుడ్డ నేసి ఇచ్చిన షెడ్డు యజమానినా? ఈ ప్రశ్నలకు చెప్పే జవాబును బట్టి అంకె సగం కావచ్చు, నూటికి నూరూ కావచ్చు. దేశం మొత్తం మీద ప్రభుత్వ కొనుగోళ్లలో చిన్న సంస్థల భాగస్వామ్యాన్ని కొలిచే పద్ధతిలోనూ ఇదే చిక్కు ఉంది.

పాత ఆశయం, కొత్త చట్టం

ప్రభుత్వం దేశంలోకెల్లా పెద్ద కొనుగోలుదారు. ఆ కొనుగోళ్లలో కొంత భాగం చిన్న పరిశ్రమలకు దక్కాలన్న ఆలోచన స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దంలోనే మొదలైంది. 1955లో జాతీయ చిన్న పరిశ్రమల సంస్థ ఏర్పడింది. ప్రభుత్వ శాఖలకు సరకు అమ్మదలచిన చిన్న పరిశ్రమలను నమోదు చేసుకోవడం, వాటికి టెండర్లలో వెసులుబాటు కల్పించడం దాని బాధ్యతలలో భాగమయ్యాయి. కొన్ని వస్తువులను చిన్న పరిశ్రమల నుంచే కొనాలని రిజర్వు చేశారు. ధరలో 15 శాతం వరకు మినహాయింపు ఇచ్చే ఆనవాయితీ కూడా ఉండేది. అయితే ఇవన్నీ పాలనాపరమైన ఉత్తర్వులే. ఏ శాఖ ఎంత కొన్నదో అడిగే నాథుడు లేడు.

సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం 2006లో వచ్చింది. దాని 11వ సెక్షన్ కింద కేంద్రం 2012 మార్చిలో ప్రభుత్వ కొనుగోలు విధాన ఉత్తర్వును ప్రకటించింది. అది ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. కేంద్ర మంత్రిత్వ శాఖలు, ప్రభుత్వరంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో కనీసం 20 శాతాన్ని సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి జరపాలన్నది లక్ష్యం. మూడేళ్ల వ్యవధి ఇచ్చి, 2015 ఏప్రిల్ నుంచి దీనిని తప్పనిసరి చేశారు. 2018 నవంబరులో ఉత్తర్వును సవరించి, 2019 ఏప్రిల్ నుంచి లక్ష్యాన్ని 25 శాతానికి పెంచారు. అందులో 4 శాతం షెడ్యూల్డు కులాలు, తెగల వారి సంస్థల నుంచి, 3 శాతం మహిళల సంస్థల నుంచి కొనాలి. 358 వస్తువులను కేవలం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచే కొనాలి. టెండరు పత్రాల రుసుము, ధరావతు సొమ్ము నుంచి వాటికి మినహాయింపు ఉంది. అతి తక్కువ ధర కోట్ చేసినది పెద్ద సంస్థ అయిన పక్షంలో, అంతకు 15 శాతం లోపు అధిక ధర చెప్పిన చిన్న సంస్థ ఆ తక్కువ ధరకు దిగివస్తే, టెండరు విలువలో కనీసం 25 శాతం సరఫరా దానికి ఇవ్వాలి.

ఈ కొనుగోళ్లను గమనించేందుకు 2017 డిసెంబరులో ‘సంబంధ్’ అనే పోర్టల్‌ను ప్రారంభించారు. దానిలో నమోదైన వివరాల ప్రకారం ప్రభుత్వరంగ సంస్థల ఉమ్మడి కొనుగోళ్లలో సూక్ష్మ, చిన్న సంస్థల వాటా ఇటీవలి సంవత్సరాలలో 25 శాతం లక్ష్యాన్ని దాటింది. కాగితం మీద ఇది విజయమే. ఆ కాగితం మీదకు ఏది ఎక్కింది, ఏది ఎక్కలేదు అన్నది చూసినప్పుడు విషయం వేరుగా కనిపిస్తుంది.

హారం చిన్నదైతే వాటా పెద్దది

శాతం అంటే ఒక భిన్నం. పైన ఉండేది చిన్న సంస్థలకు దక్కిన విలువ. కింద ఉండేది మొత్తం కొనుగోళ్ల విలువ. పైఅంకెను పెంచకుండానే శాతాన్ని పెంచే మార్గం ఒకటుంది. కింది అంకె నుంచి కొన్ని పద్దులను తొలగిస్తే చాలు.

కేంద్ర విధానం సరకులకు, సేవలకు మాత్రమే వర్తిస్తుంది. నిర్మాణ పనుల కాంట్రాక్టులు దాని పరిధిలోకి రావని మంత్రిత్వ శాఖ వివరణ ఇచ్చింది. రక్షణ శాఖ దిగుమతి చేసుకునే ఆయుధాలను లెక్క నుంచి మినహాయించారు. ఇక రాష్ట్ర ప్రభుత్వాలు, పురపాలక సంఘాలు, జిల్లా పరిషత్తులు ఈ ఉత్తర్వుకు కట్టుబడనక్కరలేదు. వాటికి వేర్వేరు విధానాలున్నాయి, వాటి లెక్కలు వేర్వేరు చోట్ల ఉంటాయి. తెలంగాణ ప్రభుత్వం కొన్న బతుకమ్మ చీరలు కేంద్రం ప్రకటించే శాతంలో ఎక్కడా కనిపించవు.

మినహాయింపు ఎంత పెద్దదో తెలుసుకోవడానికి సూరత్ పరిసరాలే చాలు. ముంబయి-అహ్మదాబాదు బుల్లెట్ రైలు మార్గం ఈ జిల్లా గుండా వెళుతోంది. వాపి నుంచి వడోదర వరకు 237 కిలోమీటర్ల నిర్మాణ కాంట్రాక్టును 2020లో లార్సెన్ అండ్ టూబ్రో సంస్థ దక్కించుకుంది. దాని విలువ 24,985 కోట్ల రూపాయలు. దేశంలో అప్పటికి ఇచ్చిన పౌర నిర్మాణ కాంట్రాక్టులలో అదే అతి పెద్దది. బతుకమ్మ చీరల తొలి ఏడాది ఖర్చుకు అది నూరు రెట్లకు మించినది. ఇంతటి పనిలో కంకర, ఇనుప చట్రాలు, రవాణా, కూలీల వసతి వంటి చిన్న పనులు ఎన్నో ఉంటాయి. వాటిలో చిన్న గుత్తేదారుల భాగం ఎంత అన్నది నిర్మాణ పనులకు వర్తించని విధానం చెప్పలేదు.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. ఒక శాఖ ఏడాదికి వంద రూపాయలు ఖర్చు చేస్తుంది. అందులో అరవై నిర్మాణాలకు, నలభై సరకులకు, సేవలకు. చిన్న సంస్థలకు పన్నెండు రూపాయల ఆర్డర్లు వచ్చాయి. నిర్మాణాలను తీసివేస్తే వాటా నలభైలో పన్నెండు, అంటే 30 శాతం. లక్ష్యం దాటినట్లే. మొత్తం ఖర్చులో చూస్తే 12 శాతమే. రెండు అంకెలూ నిజమే. ఏ అంకెను ప్రకటిస్తున్నారో, అది దేనిలో శాతమో చెప్పకపోవడమే లోపం. మినహాయింపులకు కారణాలు ఉండవచ్చు. యుద్ధ విమానం ఇంజనును చిన్న పరిశ్రమ నుంచి కొనలేరు. అయినా మినహాయించినది ఎంతో ప్రకటనలో పక్కనే చూపవచ్చు.

చిన్నది ఎవరు?

పైఅంకె విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. చిన్న సంస్థ అంటే ఎవరన్న నిర్వచనమే పదేపదే మారుతోంది. 2020 జూలై నుంచి కొత్త నిర్వచనం వచ్చింది. దాని ప్రకారం యంత్రాలపై పెట్టుబడి పది కోట్లు, వార్షిక టర్నోవరు యాభై కోట్లు మించని సంస్థ చిన్నది. 2025 ఏప్రిల్ నుంచి ఈ పరిమితులు మరోమారు పెరిగాయి. ఇప్పుడు పెట్టుబడి 25 కోట్లు, టర్నోవరు 100 కోట్లు వరకు చిన్న సంస్థే. సూక్ష్మ సంస్థ పరిమితి రెండున్నర కోట్ల పెట్టుబడికి, పది కోట్ల టర్నోవరుకు చేరింది.

దీని పర్యవసానం సులభంగానే అర్థమవుతుంది. ఒక మధ్యతరహా సంస్థ 2025 మార్చిలో ప్రభుత్వానికి అరవై కోట్ల సరకు అమ్మింది. అప్పుడది చిన్న సంస్థల ఖాతాలో చేరదు. ఏప్రిల్‌లో అదే సంస్థ అదే శాఖకు అదే సరకు అమ్మితే చిన్న సంస్థల వాటా అరవై కోట్లు పెరుగుతుంది. కొత్తగా ఒక్క మగ్గం ఆడలేదు, ఒక్క మనిషికి పని దొరకలేదు. పెరిగినది గీత ఎత్తు మాత్రమే. ఎదుగుతున్న సంస్థలు రాయితీలు పోతాయన్న భయంతో ఎదగకుండా ఆగిపోకూడదనే ఉద్దేశంతో పరిమితులు పెంచినట్లు ప్రభుత్వం చెప్పింది. ఆ ఉద్దేశాన్ని తప్పు పట్టనక్కరలేదు. కాని పాత కొలబద్దతో ఎంత, కొత్త కొలబద్దతో ఎంత అని రెండూ ప్రకటించకపోతే, 2025కు ముందూ తర్వాతా అంకెలను పోల్చడం అర్థరహితమవుతుంది.

తయారీదారుకూ వ్యాపారికీ మధ్య తేడా మరొకటి. 2021 జూలైలో చిల్లర, టోకు వ్యాపారులను ‘ఉద్యమ్’ నమోదులోకి అనుమతించారు. అయితే బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాల కోసమే ఆ గుర్తింపు. కొనుగోలు విధానపు రాయితీలు వారికి వర్తించవు. తయారు చేసేవారికి, సేవలందించేవారికి మాత్రమే ఆ మేలు జరగాలన్నది నియమం. ఆచరణలో టెండరు పరిశీలించే అధికారి ఎదుట ఉండేది నమోదు పత్రం. పత్రంలో తయారీ అని ఉంటే, సరఫరా చేసిన గుడ్డ ఆ షెడ్డులోనే నేసినదా, బజారులో కొని ముద్ర వేసినదా అని వెళ్లి చూసేవారు అరుదు.

2016 ఆగస్టులో ప్రారంభమైన ‘జెమ్’ పోర్టల్ ఈ కొనుగోళ్ల స్వరూపాన్ని మార్చివేసింది. 2023-24లో దాని ద్వారా జరిగిన వ్యాపారం నాలుగు లక్షల కోట్ల రూపాయలు దాటింది. అందులో దాదాపు సగం చేతివృత్తులవారు, నేతకారులు, స్వయం సహాయక సంఘాలు, సూక్ష్మ, చిన్న సంస్థలు, స్టార్టప్‌లు వంటి వర్గాలకు దక్కిందని ప్రకటించారు. గమనించవలసింది ఏమంటే ఇది అనేక వర్గాలను ఒకే గంపలో పోసిన అంకె. 25 శాతం లక్ష్యం చెప్పే అంకె వేరు, ఇది వేరు. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒకటి మరొకదానికి రుజువని వాదించడం సరికాదు.

సగటు కప్పిపెట్టేది

ఉమ్మడి శాతం లక్ష్యాన్ని దాటిన సంవత్సరాలలో కూడా ఉపలక్ష్యాలు నెరవేరలేదు. షెడ్యూల్డు కులాలు, తెగల సంస్థల నుంచి 4 శాతం కొనాలన్న నియమం 2012 నుంచి ఉంది. పదేళ్లు గడిచాక, 2022-23లో కూడా వారి వాటా రెండు శాతానికి లోపే ఉండిపోయింది. మహిళల సంస్థల 3 శాతం కూడా ఆ ఏడాది దూరంగానే మిగిలింది. దళిత, గిరిజన పారిశ్రామికుల కోసం 2016 అక్టోబరులో జాతీయ హబ్‌ను ప్రారంభించినా పరిస్థితి మారడానికి చాలా కాలం పట్టింది.

కొనుగోలు అధికారులు చెప్పే కారణం తెలిసినదే. కావలసిన సరకును తయారు చేసే అటువంటి సంస్థలు దొరకడం లేదంటారు. సంస్థలు చెప్పేది మరొకటి. టెండరులో అడిగే గత అనుభవం, టర్నోవరు షరతులు తమను గుమ్మం దగ్గరే నిలిపేస్తాయంటారు. ఈ షరతులను సడలించే అధికారం కొనుగోలుదారుకు ఉంది, కాని నాణ్యతకు లోబడి, విచక్షణ మేరకు మాత్రమే. ఎవరి మాట నిజమో తేల్చాలంటే గెలిచినవారి లెక్క ఒక్కటే చాలదు. ఎందరు టెండరు వేశారు, ఎందరిని ఏ కారణంతో తిరస్కరించారు అన్న లెక్క కూడా కావాలి. భాగస్వామ్యం అన్న మాటకు అర్థం అక్కడే మొదలవుతుంది. ఆర్డరు విలువను మాత్రమే లెక్కించే పద్ధతి గుమ్మం బయట నిలిచిపోయినవారిని చూడలేదు.

అగ్రరాజ్యాల అనుభవం

ఈ తలనొప్పి ఒక్క భారతదేశానిదే కాదు. అమెరికాలో 1953 నాటి చిన్న వ్యాపార చట్టానికి 1988లో సవరణ చేసి, ఫెడరల్ కాంట్రాక్టులలో 20 శాతం లక్ష్యాన్ని నిర్దేశించారు. 1997లో దానిని 23 శాతానికి పెంచారు. అక్కడా హారం మీదే వివాదం. విదేశాలలో అమలయ్యే కాంట్రాక్టులను చాలాకాలం లెక్కలోంచి తీసివేసేవారు. 2016 నుంచి వాటిని కలిపారు. ఇంకో విడ్డూరం కూడా బయటపడింది. కాంట్రాక్టు పొందేనాటికి చిన్నదైన సంస్థ తర్వాత పెద్దదైనా, ఒక బడా కంపెనీ దానిని కొనేసినా, ఒప్పందం ముగిసేదాకా చిన్న సంస్థగానే లెక్కించేవారు. ఇరవై ఏళ్ల ఒప్పందమైతే ఇరవై ఏళ్లూ అంతే. 2007లో నిబంధన మార్చి, విలీనం జరిగినప్పుడు, దీర్ఘకాలపు ఒప్పందాలలో ఐదేళ్ల తర్వాత, సంస్థ పరిమాణాన్ని మళ్లీ ధ్రువీకరించాలన్నారు. మహిళల సంస్థలకు 1994లో పెట్టిన 5 శాతం లక్ష్యం 2015లో గాని నెరవేరలేదు.

బ్రిటన్ ప్రభుత్వం 2015 నాటికి 25 శాతం కొనుగోళ్లు చిన్న, మధ్యతరహా సంస్థల నుంచి జరగాలని 2010లో ప్రకటించింది. లక్ష్యం ముందుగానే నెరవేరిందని చెప్పింది. 2013-14లో వాటా 26.1 శాతమన్నారు. అందులో ప్రభుత్వం నేరుగా కొన్నది 10.3 శాతమే. మిగిలిన 15.8 శాతం బడా కాంట్రాక్టర్లు తమ కింద చిన్న సంస్థలకు అప్పగించిన ఉపకాంట్రాక్టులు. లెక్క కట్టే పద్ధతి మధ్యలో మారినందువల్ల వాటా నిజంగా పెరిగిందని నిశ్చయంగా చెప్పలేమని అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం 2016లో వ్యాఖ్యానించింది. ఉపకాంట్రాక్టులను లెక్కించడం తప్పు కాదు. కాని నేరు కొనుగోలు ఎంత, పరోక్షం ఎంత అని విడదీసి చెప్పినందువల్లనే బ్రిటన్ పాఠకుడికి అసలు సంగతి తెలిసింది. ఉపకాంట్రాక్టును చిన్న సంస్థ వాటాలో చేర్చడానికి భారత విధానమూ అనుమతిస్తుంది. విడదీసి ప్రకటించడం మాత్రం ఆనవాయితీ కాలేదు.

సిరిసిల్ల నేర్పే పాఠం

ఉపకాంట్రాక్టు అన్న మాట అధికార పత్రాలలో కొత్తగా వినిపించవచ్చు. నేత రంగంలో అది పాతదే. సిరిసిల్లలో యజమాని, ఆసామి, కార్మికుడు అని మూడు మెట్లున్నాయి. నూలు కొని, బీములు ఇచ్చి, గుడ్డ తీసుకునేవాడు యజమాని. సొంత మగ్గాలు పెట్టుకుని కూలికి నేయించి ఇచ్చేవాడు ఆసామి. ఆ మగ్గాల మధ్య రాత్రింబవళ్లు నిలబడేవాడు కార్మికుడు. సూరత్‌లోనూ ఇదే తీరు. నూలు వ్యాపారి, కూలికి నేసే షెడ్డు, అద్దకం మిల్లు, బజారులోని టోకు వర్తకుడు అని గొలుసు సాగుతుంది. ప్రభుత్వ ఆర్డరు ఆ గొలుసులో ఏదో ఒక కొనను మాత్రమే తాకుతుంది. లెక్క అక్కడితో ముగుస్తుంది.

2018 నుంచి బతుకమ్మ చీరల ఆర్డరును రాష్ట్ర చేనేత సహకార సంస్థ ద్వారా సిరిసిల్లలోని పరస్పర సహాయ సంఘాలకు, చిన్న పరిశ్రమల యూనిట్లకు ఇచ్చారు. లెక్క ప్రకారం చిన్న పరిశ్రమ వాటా నూరు శాతానికి చేరింది. సూరత్, భివండీల నుంచి కొందరు నేత కార్మికులు స్వస్థలాలకు తిరిగి వచ్చారు. పథకం వల్ల మేలు జరిగిందనడంలో సందేహం లేదు. అయినా ఆ నూరు శాతంలోనూ నూలు ధర ఇమిడి ఉంది. పాలియెస్టరు నూలు తయారీ బడా కంపెనీల చేతిలో ఉంది. ఆ కంపెనీలలో అధిక భాగం పశ్చిమ భారతంలోనే ఉన్నాయి. చీర ఖరీదు చిన్న పరిశ్రమ ఖాతాలో జమ అయినా, అందులో నూలుకు పోయిన భాగం వచ్చిన దారినే తిరిగి వెళుతుంది. సిరిసిల్లలో మిగిలేది నేత కూలి, ఆసామి ఆదాయం, యజమాని లాభం. చిన్న పరిశ్రమకు దక్కినదేమిటో నిజంగా తెలియాలంటే ఆర్డరు విలువను కాక, ఆ పరిశ్రమ జోడించిన విలువను చూడాలి.

చెల్లింపు లేని ఆర్డరు

అన్నింటికంటె ముఖ్యమైనది సొమ్ము చేతికందే రోజు. చిన్న సంస్థ సరకు ఇచ్చిన 45 రోజుల లోపు కొనుగోలుదారు డబ్బు చెల్లించాలని 2006 చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ కట్టాలి. ఈ నియమం ప్రభుత్వ శాఖలకూ వర్తిస్తుంది. ఫిర్యాదుల కోసం 2017 అక్టోబరులో ‘సమాధాన్’ పోర్టల్ వచ్చింది. అయితే మళ్లీ అదే శాఖ దగ్గర టెండరు వేయవలసిన చిన్న గుత్తేదారు అధికారిపై ఫిర్యాదుకు ఎంతవరకు సాహసిస్తాడు? నీటిలో ఉండి మొసలితో వైరం పెట్టుకోగలవాడు ఎవడు?

పన్నుల చట్టం ద్వారా ఒత్తిడి తెచ్చే ప్రయత్నమూ జరిగింది. గడువులోగా చిన్న సంస్థకు చెల్లించని సొమ్మును ఆ ఏడాది ఖర్చుగా చూపుకునే వీలు లేకుండా చేసిన 43బి(హెచ్) నిబంధన 2024 ఏప్రిల్‌లో అమలుకు వచ్చింది. నెలల తరబడి అరువు మీద నడిచే సూరత్ వస్త్ర బజారులో అది కలకలం రేపింది. అమలు వాయిదా వేయాలని వర్తకులు కోరారు. ప్రైవేటు కొనుగోలుదారును ఆ నిబంధన కదిలించగలిగింది. ఆదాయపు పన్ను కట్టని ప్రభుత్వ శాఖను మాత్రం అది తాకలేదు.

సిరిసిల్ల అనుభవం ఈ లోటును కళ్లకు కట్టింది. 2023 చివర రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. అప్పటికి సిరిసిల్ల సంఘాలకు, యూనిట్లకు వందల కోట్ల రూపాయల పాత బకాయిలు రావలసి ఉన్నాయి. కొత్త ఆర్డర్లు ఆగిపోయాయి. 2024 జనవరిలో మగ్గాలు మూతపడ్డాయి. బతుకమ్మ చీరల పంపిణీ ఆ ఏడాది జరగలేదు. పని లేక, అప్పులు తీర్చలేక నేత కార్మికులు ఆత్మహత్యలకు పాల్పడిన వార్తలు వరుసగా వచ్చాయి. తర్వాత బకాయిలలో కొంత విడుదల చేశారు. మహిళా స్వయం సహాయక సంఘాల సభ్యులకు చీరల ఆర్డరు సిరిసిల్లకు ఇవ్వడంతో మగ్గాలు మళ్లీ ఆడాయి. 2025 నవంబరులో ఆ చీరల పంపిణీ ప్రారంభమైంది.

కొనుగోలు లెక్కల పుస్తకంలో 2023 ఒక ఘనమైన సంవత్సరం. ఆర్డరు మొత్తం చిన్న పరిశ్రమకే దక్కింది. అదే ఆర్డరుకు సంబంధించిన సొమ్ము రాక మరుసటి ఏడాది అదే పరిశ్రమ మూతపడింది. ఆర్డరు ఇచ్చిన రోజును లెక్కించి, డబ్బు ముట్టిన రోజును లెక్కించని గణాంకం ఈ రెంటి మధ్య సంబంధాన్ని చెప్పలేదు. ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడిన ఊరికి నూరు శాతం వాటా వరమూ కావచ్చు, ఉచ్చూ కావచ్చు. సూరత్‌లో ఒక వర్తకుడు ఆర్డరు ఆపితే షెడ్డు యజమాని మరొక వర్తకుడి గడప ఎక్కుతాడు. సిరిసిల్లకు ఆ వెసులుబాటు తక్కువ.

లెక్క మారవలసిన తీరు

చేయవలసినది పెద్ద సంస్కరణ కాదు. చాలా వివరాలు ఇప్పటికే ఏదో ఒక చోట ఉన్నాయి. ‘ఉద్యమ్’ నమోదులో సంస్థ పరిమాణం ఉంది. జెమ్‌లో ఆర్డరు, సరకు అందిన తేదీ, బిల్లు ఉన్నాయి. చిన్న సంస్థలకు బకాయి పడిన మొత్తాన్ని వార్షిక లెక్కలలో చూపాలని 2006 చట్టం 22వ సెక్షన్ ఇదివరకే ఆదేశిస్తోంది. వీటిని ఒక దారంతో గుచ్చి ఏటా ఒకే పట్టికగా ప్రకటిస్తే చాలు.

ఆ పట్టికలో వాటా దేనిలో శాతమో, ఏ పద్దులు మినహాయించారో మొదటి వరుసలోనే ఉండాలి. నేరు కొనుగోలు, ఉపకాంట్రాక్టు వేరువేరుగా ఉండాలి. సూక్ష్మ సంస్థను చిన్న సంస్థతో కలపకుండా విడిగా చూపాలి. నిర్వచనం మారిన ఏడాది పాత, కొత్త కొలతలు రెండూ ఇవ్వాలి. టెండరు వేసినవారి సంఖ్య, తిరస్కరణల కారణాలు తెలపాలి. 45 రోజులలో చెల్లించిన విలువ ఎంత, చెల్లించనిది ఎంత అన్నది చివరి వరుసగా చేరాలి. రాష్ట్రాలు కూడా అదే నమూనాలో తమ లెక్కలు ప్రకటించేందుకు కేంద్రం ఒప్పించగలగాలి. లేకపోతే చిన్న పరిశ్రమ ఎక్కువగా ఆధారపడే కొనుగోళ్లే జాతీయ చిత్రంలో లేకుండా పోతాయి.

ఇందుకు అభ్యంతరం ఒకటి వినిపిస్తుంది. వివరాలు ఎక్కువ అడిగితే కాగితాల భారం చిన్న సంస్థల మీదే పడుతుందంటారు. ఆ భయం సహేతుకమే. అందుకే ఈ వివరాలు ఇవ్వవలసినది అమ్మేవాడు కాదు, కొనేవాడు. బిల్లు ఎప్పుడు వచ్చిందో, డబ్బు ఎప్పుడు చెల్లించాడో అతనికి తెలుసు. చెప్పడానికి అతనికి ఇబ్బంది ఉందంటే, అడగడానికి అదే తగిన కారణం.

కామ్‌రేజ్ దారిలోని షెడ్డులోనైనా, సిరిసిల్ల వీధిలోనైనా మగ్గం ముందు నిలబడిన మనిషికి 25 శాతమా, 40 శాతమా అన్న చర్చ పట్టదు. వచ్చే వారం బీము ఉంటుందా, పోయిన నెల కూలి వస్తుందా అన్నదే అతని లెక్క. ప్రభుత్వం వేసే లెక్క అతని లెక్కకు దగ్గరవుతున్న కొద్దీ నిజమవుతుంది. దూరమైతే అది కాకిలెక్కగా మిగులుతుంది.